నైట్ షిఫ్ట్ ఇంటి కిటికీ

కిందటి వారం భాగం చివర మీరు నన్ను ఎక్కడ వదిలి వెళ్ళారో ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాను. భిలాయిలో, రుఆబాంధా కాలనీ చివరి వరసలో, ఒక ఖాళీ క్వార్టరు ముందుగదిలో, నేల మీద. చేతిలో టీ చల్లారిపోయింది. దర్శకుడు రవికాంత్ అన్న మాట మాత్రం ఇంకా చల్లారలేదు.

"ఇల్లు బాగుంది రేఖా. కానీ ఇందులో ఎవరూ బతికినట్టు లేదు."

ఆ ఒక్క మాట అని కారెక్కి వెళ్ళిపోయారు. మర్నాడు నాలుగింటికి వచ్చి మళ్ళీ చూస్తారట. అప్పటికీ ఆయన మనసుకి ఎక్కకపోతే బొంబాయి నుంచి ఉదయ్‌కుమార్ గారిని పిలిపిస్తారట. ఉదయ్‌కుమార్ గారంటే ఎవరో కాదు, నేను ఏడేళ్ళు పనిచేసిన గురువు. ఆయన ఈ గుమ్మంలో కాలు పెట్టిన క్షణం నుంచి నేను మళ్ళీ ఆయన అసిస్టెంటుని.

మనుషులు మాట్లాడుకునే గదులు తయారుచేయడం నా వృత్తి. ఆ గదిలో ఏ మంచం ఉండాలి, గోడకి ఏ రంగు, ఆ రంగు ఎన్నేళ్ళకి ఎక్కడ పెచ్చులూడుతుంది, ఇవన్నీ చూసే మనిషిని ప్రొడక్షన్ డిజైనర్ అంటారు. నాటకాల తెరలకు రంగులు పూశాను. హైదరాబాదులో డైలీ సీరియళ్ళకు ఒకే హాలుని కర్టెన్లు మార్చి నాలుగు కుటుంబాలకు పంచాను. బొంబాయిలో ఉదయ్‌కుమార్ గారు గీసిన గీతల్ని టేపు పట్టి కొలిచాను. పదకొండేళ్ళ తర్వాత ఈ వెబ్ సిరీస్‌లో మొదటిసారి నా పేరు ఒక్కటే తెర మీద పడాలి. కథ స్టీల్ ప్లాంటు కార్మికుడి కుటుంబానిది, కాలం 1994. సెక్టర్ 6 క్వార్టర్లో పుట్టి పెరిగిన దాన్ని, ఈ పని నాకు కాక ఇంకెవరికి వస్తుంది అనుకున్నాను.

అందుకే ఒళ్ళు మండింది. నేను పెరిగిన ఇంటిని నేను అచ్చుగుద్దినట్టు కడితే, ఎవరూ బతకలేదని చెప్పడానికి ఈయనెవరు? సాయంత్రమంతా ఆయన్ని మనసులో కడిగేశాను. మర్నాడు పొద్దున మళ్ళీ వచ్చి తలుపు తీసి నిలబడ్డాక, ఆయన అన్నది నిజమేనని నాకే అనిపించింది. దాంతో కోపం రెట్టింపయింది.

గోడలకి వేసిన ఆకుపచ్చ సున్నం సరిగ్గానే ఉంది. కొత్త రంగు పాతబడినట్టు కనబడాలని స్విచ్చుల చుట్టూ గరుకు కాగితంతో రుద్దాను, తల ఆనే చోట గోడకి కొబ్బరినూనె పట్టించాను, పొయ్యి పైన టీ డికాక్షన్‌తో మసి మరకలు వేశాను. నవారు మంచం, ట్రంకు పెట్టె, దాని మీద ఎంబ్రాయిడరీ గుడ్డ, మూల సైకిలు, గోడకి గడియారం. తప్పు ఏదీ కనబడటం లేదు. తప్పు ఉందని మాత్రం తెలుస్తోంది. కూర్చోలేను, నిలబడలేను. ట్రంకు పెట్టె ఆ గోడకి జరిపాను, మళ్ళీ ఈ గోడకి జరిపాను.

"దీదీ, పొద్దుట్నుంచి గడియారం నాలుగు గోడలకీ తిరిగింది," అంది కుముదిని. "ఇప్పుడు దాన్ని పైన ఛత్‌కి కట్టమంటారా?"

కుముదిని నా అసిస్టెంటు. క్యాంప్ 2 పిల్ల, తెలుగువాళ్ళే, కానీ తెలుగు కన్నా హిందీయే ముందు వస్తుంది. నోరు పెద్దది, చెయ్యి మంచిది.

"వేళాకోళం తర్వాత. టైమెంత?"

"సాడే దస్."

పదిన్నర. అప్పుడే బయట స్కూటర్ ఆగింది. నేను చేసిన ఫోనుకి నాన్న నిజంగానే వచ్చారు.

ఈ ఫోను చేయడానికి నాకు ఎంత కష్టమైందో చెప్పాలి. మా నాన్న శంకరరావు ముప్పై అయిదేళ్ళు రోలింగ్ మిల్లులో పనిచేసి రిటైరయిన మనిషి. ప్లాంటులో అప్రెంటిస్ పరీక్ష రాయకుండా నేను బొమ్మల కాలేజీకి వెళ్ళిన ఏడాది నాతో నాలుగు నెలలు మాట్లాడలేదు. తర్వాత మాట్లాడారు గానీ నా ఉద్యోగం పేరు ఇప్పటికీ "ఆ రంగుల పని" అనే అంటారు. పదకొండేళ్ళలో నేను పనిచేసిన ఒక్క సినిమాకీ రాలేదు. అలాంటాయన్ని పిలిచి, నా పనిలో తప్పేమిటో చెప్పమని అడగాల్సి వచ్చింది. అహం దిగమింగి అడిగాను.

నాన్న గుమ్మంలో చెప్పులు విప్పారు.

"ఇది సెట్టు నాన్నా. చెప్పులతో రావచ్చు."

"ఇల్లులాగే ఉన్నాది కదా," అని చెప్పులు పక్కకి జరిపి లోపలికి వచ్చారు.

చేతులు వెనక్కి కట్టుకుని, మిల్లులో తిరిగినట్టు, ఏదీ ముట్టుకోకుండా తిరిగారు. వంటింట్లో బొగ్గుల సిగ్డీ పొయ్యి ముందు కాసేపు ఆగారు. నేను వెనకాలే నడుస్తూ, పరీక్ష పేపరు దిద్దించుకునే పిల్లలా ఆయన మెడ వైపు చూస్తున్నాను. చివరికి ముందుగదిలోకి వచ్చి మంచం మీద కూర్చున్నారు.

"ఈ ఇంటాయనది ఏటి డ్యూటీ?"

"నీలాగే. మిల్లు."

"జనరలా, షిఫ్టా?"

"షిఫ్టే. కథ మొదలయ్యేదే ఆయన నైట్ షిఫ్ట్ దిగి వచ్చి పడుకోవడంతో. ఇదిగో, ఈ మంచం మీదే."

నాన్న మంచం మీద వెల్లకిలా పడుకున్నారు. తూర్పు కిటికీలోంచి ఎండ తిన్నగా ఆయన ముఖం మీద పడింది. కళ్ళు మూసుకున్నారు, చెయ్యి అడ్డం పెట్టుకున్నారు, లేచి కూర్చున్నారు.

"రాత్రంతా కొలిమి ముందు నిలబడొచ్చినోడు ఈ ఎండలో ఎలా తొంగుంటాడు?"

నేను కిటికీ వైపు చూశాను. ఆ ఎండ కోసమే ఆ కిటికీకి పూల కర్టెన్ కూడా కట్టకుండా వదిలాను. నా చిన్నప్పటి ముందుగది అంటే నాకు గుర్తున్నది ఆ వెలుతురే.

"కంబళి ఏది?" అన్నారు నాన్న.

"ఏం కంబళి?"

"కిటికీకి కట్టీది. పైన రెండు మేకులు, కింద రెండు. నైటు వోరం వొచ్చిందంటే ప్రతి ఇంట్లోనూ ఆడోళ్ళు కంబళి కట్టీసేవోరు. పొగులు పది గంటలకి ఈ గదిలో చెయ్యి కనిపించకూడదు. మరి ఈ గడియ సూడు." లేచి వెళ్ళి తలుపు గడియ లాగారు. ఖణేలుమంది. "దీనికి గుడ్డ చుట్టాల. మంచం కోళ్ళ కింద సైకిలు ట్యూబు ముక్కలెయ్యాల, ఎవరైనా తగిలినా సప్పుడు రాకుండా. సైకిలు గంటకి తాడు కట్టాల. గిన్నెలు నేల మీద కాదు, గోనె మీద బోర్లించాల."

గుమ్మంలో నిలబడ్డ కుముదిని తల ఊపుతోంది.

"హా దీదీ, మా ఇంట్లో కూడా అంతే. పాపా రాత్‌పాలీ డ్యూటీ నుంచి వస్తే మమ్మీ కుక్కర్ పెట్టేది కాదు, సీటీ వస్తుందని. నా పట్టీలకి మువ్వలు తీయించేసింది. స్కూల్లో అందరికీ మువ్వలుంటే నాకు లేవని ఎంత ఏడ్చానో."

"మరి నాకెందుకు చెప్పలేదు ఇవన్నీ?" అన్నాను, కొంచెం విసురుగానే.

"మీకు తెలుసనుకున్నాను దీదీ. మీరూ షిఫ్ట్ వాళ్ళ అమ్మాయే కదా."

నేనూ షిఫ్ట్ వాళ్ళ అమ్మాయినే. నాన్న మూడు వారాలకొక వారం నైట్ షిఫ్ట్ వెళ్ళేవారు, పొద్దున ఏడింటికి వచ్చి పడుకునేవారు. కానీ మా కిటికీకి కంబళి లేదు. మా గడియ ఖణేలుమనేది. నా పట్టీలకి మువ్వలు ఉండేవి, ఒకటి రాలితే అమ్మ వెంటనే కొత్తది వేయించేది. నాన్న పడుకున్న మంచం పక్కనే కూర్చుని పళ్ళెం మీద గరిటెతో వాయించిన రోజులు నాకు బాగా గుర్తు. ఎవరూ నన్ను ఒక్కసారీ ఊరుకోమనలేదు. ఇళ్ళన్నీ అలాగే ఉంటాయనుకున్నాను.

రవికాంత్ గారు ఇదీ అని చెప్పలేకపోయిన తప్పు ఇదే. నా జ్ఞాపకంలోంచి తీసి కట్టాను ఈ ఇంటిని. ఆ జ్ఞాపకమే మిగతా ఊరి ఇళ్ళలాంటిది కాదు.

"మనింట్లో ఎందుకు లేదు నాన్నా?"

నాన్న కుముదిని వైపు తిరిగి, "ఓలమ్మా, మీ ఇంట్లో పాత కంబళి ఉంటాదేటి?" అని అడిగారు.

"నానమ్మ దగ్గరుంది తాతగారూ. జోగమ్మ పెట్టెలో లేని సామాను లేదు."

"తేగలవా?"

స్కూటీ తాళం తీసుకుని కుముదిని వెళ్ళిపోయింది. కంబళి కోసమే కాదు, పిల్లని బయటికి పంపడానికే అడిగారని నాకు అర్థమైంది. నాన్న ఎప్పుడూ నాతో ఒంటరిగా మాట్లాడటానికి ఎవర్నీ బయటికి పంపలేదు.

మళ్ళీ మంచం మీద కూర్చున్నారు, ఈసారి ఎండకి వీపు పెట్టి.

"నీకు ముందొక గుంట ఉండేది."

"తెలుసు. రజని. జ్వరంతో పోయిందని అమ్మ చెప్పింది."

"జొరం కాదు."

నేను ట్రంకు పెట్టె మీద కూర్చున్నాను.

"ఎనబై తొమ్మిదిలో," అన్నారు నాన్న. "నాను నైటు దిగొచ్చి తొంగున్నాను. కంబళి కట్టీసి ఉన్నాది. మీ యమ్మ రేషనుకెళ్ళింది. నాలుగున్నరేళ్ళ గుంట. వొంటింట్లో బొగ్గుల బస్తా కాడ ఆడుకుంతంది. బస్తాలో తేలున్నాది." గొంతు మారలేదు, మిల్లు సంగతి చెప్పినట్టే చెబుతున్నారు. "కుట్టింది. అరవలేదు. నాన్న తొంగున్నాడు, సప్పుడు చెయ్యకూడదు అని నేర్పినాం కదా, అందుకని అరవలేదు. మా గుంట సానా మంచిదని వీధంతా అనేవోరు. వొచ్చి నా మంచం పక్కన కూకుంది. నాను లెగుస్తాను, అప్పుడు సెప్పొచ్చని కూకుంది. నాను పన్నెండింటికి లెగిసినాను."

బయట ఎవరో సైకిలు మీద పాత ఇనుము కొంటామని అరుస్తూ వెళ్ళారు. ఆ కేక వీధి చివరిదాకా వినబడింది.

"ఆస్పటల్‌కి ఎత్తుకెళ్ళినాను. అప్పటికే అయిపోనాది." చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నారు. "మీ యమ్మ ఆ దినమే కంబళి పీకీసింది. మేకులు కూడా పీకీసింది, గోడ పెచ్చులూడొచ్చినాయి. మరి ఆ ఇంట్లో కట్టనియ్యలేదు. నువ్వు పుట్టేక నీకు మువ్వల పట్టీలెట్టింది. నువ్వు ఎంత గోల సేస్తే అంత మంచి నిద్ర నాకు. ఊరుకున్నావంటే దిగ్గుమని లెగిసిపోయేవోణ్ణి."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ముప్పై నాలుగేళ్ళుగా నా బాల్యంలో వెలుతురంతా నాదే అనుకున్నాను. అది మా అక్క పోతే నాకు వచ్చిన వెలుతురు. ఆయన నాతో మాట్లాడని నాలుగు నెలలు కూడా గుర్తొచ్చాయి. ఇల్లు వదిలి హాస్టలుకి వెళ్ళాక, చప్పుడు లేని ఆ ఇంట్లో నాన్న ఎలా పడుకున్నారో నేను ఎప్పుడూ అడగలేదు.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"సెప్పి ఏటి సేస్తాం?" నాన్న లేచారు. "ఇప్పుడు నువ్వు అడిగినావు కాబట్టి సెప్పినాను. నీ రంగుల పనికి కావాలన్నావు కదా. కంబళి కట్టు. ఆ రవికాంతుకి నచ్చుద్ది."

"అమ్మ నాలుగింటికి వస్తుంది నాన్నా."

అదీ నా నిర్వాకమే. వారం కిందట, అంతా సవ్యంగా ఉందనుకున్న రోజుల్లో, సెట్టుకి కొబ్బరికాయ కొట్టడానికి అమ్మని పిలిచాను. నా పనిని ఎప్పుడూ తక్కువ చేయని మనిషి. కొత్త చీర తీసి మంచం మీద పెట్టుకుందని నిన్ననే ఫోనులో చెప్పింది. ఆమె వచ్చి ఈ గదిలో అడుగు పెడితే ఎదురుగా కిటికీకి కంబళి ఉంటుంది.

"నాను ఇంటికెళ్ళి ఆపుతాను," అన్నారు నాన్న. "ఏదో ఒకటి సెప్తాను. నువ్వు నీ పని సూసుకో."

"ఇది కట్టకపోతే?"

నాన్న గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఆగారు. "కట్టకపోతే ఆ బొంబాయాయన వొస్తాడు. ఆయనకి ఇయ్యేటీ తెలీవు. అప్పుడు మన ఇళ్ళని తప్పుగా సూపిస్తారు. నీకేది మంచిదో నువ్వే సూడు తల్లీ."

స్కూటర్ చప్పుడు దూరమయ్యేదాకా గుమ్మంలో నిలబడ్డాను. మా నాన్న నా పని గురించి ఒక మాట మాట్లాడటం అదే మొదటిసారి. ఆ సంతోషం అనుభవించే స్థితిలో నేను లేను.

కుముదిని కంబళి తెచ్చింది. ముదురు గోధుమరంగుది, నాలుగు మూలలా గుడ్డతో చేసిన ఉంగరాలు కుట్టి ఉన్నాయి, మేకులకి తగిలించడానికి. వాళ్ళ నానమ్మ జోగమ్మ దాన్ని నలభై ఏళ్ళుగా దాచిందట. నేను దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. కుముదిని రెండుసార్లు పిలిచింది.

"క్యా హువా దీదీ? వద్దా?"

వద్దనే అనాలనిపించింది. ఎండ అలాగే ఉంచేసి, రవికాంత్ గారికి నమస్కారం పెట్టి, ఉదయ్‌కుమార్ గారికి దారి వదిలేసి వెళ్ళిపోవచ్చు. మళ్ళీ ఆయన టేపు పట్టుకోవచ్చు. అందులో అవమానం తప్ప నష్టమేమీ లేదని నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం. ఈ అవకాశం ఇంకో పదేళ్ళకి గానీ రాదు, అసలు రాకపోవచ్చు. ఇప్పుడు ఈ ఇంటి గుట్టు నాకు తెలుసు, తెలిసి కూడా తప్పు ఇల్లు చూపిస్తే నన్ను నేను క్షమించుకోలేను. అమ్మని నాన్న ఆపుతారు కదా. ఆ ఒక్క మాట పట్టుకుని సుత్తి తీశాను.

పైన రెండు మేకులు, కింద రెండు. గడియకి పాత లంగా గుడ్డ చుట్టాను. మంచం కోళ్ళ కింద ట్యూబు ముక్కలు వేశాం. గిన్నెలు గోనె మీద బోర్లించాం. సైకిలు గంటకి తాడు కట్టాం. కుముదిని తన పర్సులోంచి చిన్న పట్టీల జత తీసింది. మువ్వలు లేనివి, తనవే, మమ్మీ దాచినవట. వాటిని మంచం కింద ఒక మూల పెట్టమంది. పెట్టాను.

కంబళి తగిలించేసరికి గది ఒక్కసారిగా చీకట్లో మునిగిపోయింది. అంచుల వెంట సన్నని గీతలాగా వెలుతురు. మేమిద్దరం మాట్లాడటం మానేశాం. ఎవరూ చెప్పలేదు, మానేశాం.

రవికాంత్ గారు మూడున్నరకే వచ్చేశారు. ఫోనులో ఎవరితోనో గట్టిగా మాట్లాడుతూ గేటు తీశారు, గుమ్మం దాటారు, మాట ఆగిపోయింది. ఫోను చెవి దగ్గర నుంచి దించారు.

"ఎవరైనా పడుకున్నారా లోపల?" అన్నారు గుసగుసగా.

"లేదండీ."

ఆయన మునివేళ్ళ మీద నడిచారు. గడియ ముట్టుకుని గుడ్డ చూశారు. వంగి ట్యూబు ముక్కలు చూశారు. మంచం కింద పట్టీలు చూసి చాలాసేపు అలాగే వంగి ఉండిపోయారు. బయటికి వచ్చాక గానీ గొంతు మామూలుగా కాలేదు.

"పిల్లల్ని ఇలా పెంచేవారా?"

"అవునండీ."

"నిన్న ఇదంతా ఎక్కడుంది రేఖా?"

"నాకూ ఈ రోజే తెలిసిందండీ."

ఆయన అక్కడే నా ముందే ఉదయ్‌కుమార్ గారికి ఫోను చేసి, రావక్కర్లేదని చెప్పారు. రేపు ఉదయం మొదటి షాట్ ఈ గదిలోనే తీస్తామన్నారు. ఒక్క దారం కూడా కదపొద్దు, ముఖ్యంగా ఆ కిటికీ దగ్గరికి ఎవర్నీ వెళ్ళనివ్వొద్దు అని కుముదినికి పదిసార్లు చెప్పి, కెమెరామన్‌ని తీసుకురావడానికి వెళ్ళిపోయారు.

పదకొండేళ్ళుగా నేను ఎదురుచూసింది ఇదే. కుముదిని నన్ను గట్టిగా వాటేసుకుని మిఠాయికి పరుగెత్తింది. నేను నాన్నకి ఫోను చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మూడోసారి ఎత్తి, "తల్లీ, మీ యమ్మ ఇంట్లో లేదు. తాళమేసున్నాది. ఫోను కూడా ఇంట్లోనే ఒగ్గీసింది. ఎక్కడెక్కడో ఎతికినాను. గుడికెళ్ళిందంట, అక్కణ్ణుంచి తిన్నగా నీ కాడికే వొస్తాదని పక్కింటోళ్ళు ఇప్పుడొచ్చి సెప్పినారు. నాను వొస్తన్నాను," అన్నారు.

ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది. గేటు ముందు ఆటో ఆగింది.

అమ్మ దిగింది. కొత్త చీర, తలలో కనకాంబరాలు, చేతిలో కొబ్బరికాయ ఉన్న సంచి. ఆటోవాడికి ఏదో చెప్పి నవ్వుతోంది. నేను లోపలికి పరుగెత్తాను. రవికాంత్ గారు ఏమైనా అనుకోనీ, ఉదయ్‌కుమార్ గారిని మళ్ళీ పిలవనీ, నాకు అనవసరం. కంబళి కింది మూల పట్టుకుని లాగాను. ఉంగరం మేకు నుంచి ఊడింది. వెలుతురు ముక్క ఒకటి మంచం మీద పడింది. రెండో మూల అందుకునేలోపే వెనక అడుగుల చప్పుడు వచ్చి ఆగిపోయింది.

"అమ్మా, నువ్వు బయటే ఉండు. ఒక్క నిమిషం," అన్నాను తిరక్కుండానే.

అమ్మ బయట ఉండలేదు. గదిలోకి వచ్చింది. మా అమ్మ సింహాచలమ్మ ఏ గదిలోకి వచ్చినా ముందు గొంతు వస్తుంది, తర్వాత మనిషి వస్తుంది. ఇప్పుడు చప్పుడు చేయకుండా వచ్చి, సంచి గోనె మీద మెల్లగా దించింది. గడియ వైపు చూసింది. మంచం కోళ్ళ వైపు చూసింది. కిటికీ వైపు చూడటానికి మాత్రం చాలాసేపు పట్టింది.

"మీ నాయన సెప్పినాడేటి," అంది చివరికి.

"చెప్పారు. తీసేస్తున్నానమ్మా. నాకు తెలియక కట్టాను. కాదు, తెలిసే కట్టాను. తప్పయింది."

"ఉంచు."

"వద్దమ్మా."

"ఉంచమంటన్నాను కదే." దగ్గరికి వచ్చి నా చేతిలోంచి ఆ మూల తీసుకుంది. వేళ్ళు వెతుక్కోలేదు, ఉంగరాన్ని తిన్నగా మేకుకి తగిలించింది. గది మళ్ళీ చీకటైంది. "నీ పని ఇదే కదా. నా కోసమని పాడుసేసుకోకు. నా వల్ల ఒక గుంట..." ఆగిపోయింది. "ఏటని సెప్పినాడు మీ నాయన?"

చెప్పాను. నైట్ షిఫ్ట్ దిగి వచ్చి పడుకోవడం, రేషను, బొగ్గుల బస్తా, పన్నెండింటికి లేవడం. అమ్మ మంచం పట్టె పట్టుకుని వింటోంది. ఆ చీకటిలో ఆమె ముఖం నాకు కనబడటం లేదు. 

"ముప్పై ఆరేళ్ళుగా అదే సెప్తన్నాడు," అంది. "మా అత్తకీ అదే సెప్పినాడు, మా యమ్మకీ అదే సెప్పినాడు. ఆస్పటల్లో రాసుకున్నోళ్ళకీ అదే సెప్పినాడు. మా అత్తకి తెలిస్తే నన్ను బతకనిచ్చీది కాదని తన నెత్తినేసుకున్నాడు. నన్ను నోరెత్తనియ్యలేదు."

వీధిలో స్కూటర్ వస్తున్న చప్పుడు వినబడింది. నాన్నదే. అమ్మ కూడా గుర్తుపట్టింది. మాట తొందరగా వచ్చింది.

"ఆ పొద్దు ఆయన ఇంటికి రాలేదే. తరవాత షిఫ్టుకి రావాల్సినోడు రాలేదనీసి డబుల్ డ్యూటీ ఎయ్యించీసినారు. నాకు తెలీదు. వొస్తాడనీసి కంబళి కట్టీసినాను, ఇల్లంతా చీకటి చేసీసినాను. నాను రేషనుకీ ఎళ్ళలేదు, నీళ్ళకీ ఎళ్ళలేదు."

గేటు తెరుచుకుంది. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"దుప్పటి ముసుగెట్టుకోని ఆ మంచమ్మీద తొంగున్నది నాను. గుంట నన్ను సూసి నాన్న అనుకుంది."